'గమ్యం' పాటలో 'నువ్వు' ఎవరు? ప్రాణహిత ఒడ్డు నుంచి ఒక పరిశీలన

సినిమా పాట సాహిత్యమా కాదా అన్న చర్చ తెలుగు విమర్శలో పాతదే. దానిని మళ్ళీ తెరవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తెలుగు నేలకు బయట పెరిగి, తెలుగు అక్షరం కంటె ముందు తెలుగు పాటను ఎరిగిన విద్యార్థికి సినిమా పాటే మొదటి వాచకం. అందువల్ల ఒక్క పాటను తీసుకొని, పద్యాన్ని చదివినట్టు చదివితే ఏమి దొరుకుతుందో చూడటం అవసరం. మహారాష్ట్రలోని సిరొంచ వంటి చోట, ఇంట తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్ళలో మాడియా గోండీ వినిపించే చోట, ఈ అవసరం మరీ ఎక్కువ.

ఇందుకు ఎంచుకొన్న పాట 'ఎంతవరకు ఎందుకొరకు'. క్రిష్ దర్శకత్వంలో 2008 ఫిబ్రవరి 29న విడుదలైన 'గమ్యం' సినిమాలోనిది. రచన సిరివెన్నెల సీతారామశాస్త్రి, స్వరకల్పన ఇ.ఎస్. మూర్తి, గానం రంజిత్. ఈ పాటకు శాస్త్రి 2008 సంవత్సరపు నంది పురస్కారం అందుకొన్నారు. గిటారు, డ్రమ్స్ మీద నడిచే రాక్ పద్ధతి పాట ఇది. తనను తాను తెలుసుకోవడం, మళ్ళీ మొదటినుంచి బతకడం దీని విషయం. ఆత్మవిచారం కీర్తనకో తత్త్వానికో తగుతుంది గాని ఇంత చప్పుడులో ఇముడుతుందా అన్న సందేహం సహజంగా కలుగుతుంది. సమాధానం పాట నడకలోనే ఉంది.

నడక

ముందు కథాసందర్భం. అభిరాం (శర్వానంద్) ధనికుల బిడ్డ. ఒక కారు ప్రమాదం తర్వాత అతను ప్రేమించిన డాక్టరు జానకి (కమలినీ ముఖర్జీ) కనబడకుండా పోతుంది. ఆమెను వెతుక్కొంటూ మోటారుసైకిలు మీద బయలుదేరతాడు. దారిలో బండ్ల దొంగ గాలి శీను (అల్లరి నరేశ్) తోడవుతాడు. వెతుకులాట ఒక మనిషి కోసం మొదలై, వెతికేవాడి మీదికే తిరుగుతుంది. ఎర్నెస్టో గెవారా 1952లో చేసిన మోటారుసైకిలు ప్రయాణం, దాని మీద 2004లో వచ్చిన సినిమా ఇక్కడ గుర్తురాక మానవు. అక్కడ వైద్య విద్యార్థి దారిలో రోగులను చూసి మారాడు. ఇక్కడ డబ్బు తప్ప వేరే లోకం ఎరగని యువకుడు దారిలో మనుషులను చూసి మారతాడు.

రాక్ సంగీతం 1950లలో అమెరికాలో రూపుదిద్దుకొంది. నల్లజాతివారి బ్లూస్ దానికి ముఖ్యమైన మూలం. గట్టిగా పడే తాళం, తీగలను మోతగా మార్చిన గిటారు, గొంతు చించుకొన్నా తప్పులేదనే పాడే తీరు దాని లక్షణాలు. ఆ చట్రంలోకి తెలుగు మాట వచ్చేసరికి సాధారణంగా మాట విరుగుతుంది. దీర్ఘాలు హ్రస్వాలవుతాయి, ఒత్తులు జారిపోతాయి. ఈ పాటలో అలా జరగకపోవడానికి కారణం ఛందస్సు.

విద్యార్థులు గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున మాత్రలు లెక్కించి చూడవచ్చు. 'ఎంతవరకు' ఆరు మాత్రలు, మూడు మూడుగా విరుగుతుంది. 'ఎందుకొరకు' కూడా అంతే. పల్లవిలోని మొదటి పాదం మొత్తం ఇలా ఎనిమిది త్రిమాత్రా గణాలతో పూర్తవుతుంది. లాక్షణికులు ఈ నడకకు పెట్టిన పేరు తురగవల్గన రగడ, అంటే గుర్రపు దౌడు. పరుగు గురించి అడిగే పాదం పరుగులోనే ఉంది. దాని వెంట వచ్చే పాదాల్లో గణం మారుతుంది. మూడు మాత్రల పక్కన నాలుగు మాత్రలు చేరి, ఏడేసి మాత్రల మిశ్రగతి అవుతుంది. పాదం చివర మాత్రం ఒక మాత్ర తగ్గుతుంది. ఈ మూడు-నాలుగుల నడక మనకు కొత్తది కాదు. 1910లో గురజాడ అప్పారావు ముత్యాలసరాలకు ఎన్నుకొన్న నడక ఇదే. పాడేటప్పుడు గాయకుడు అక్షరాన్ని సాగదీసి పాదాలన్నిటినీ ఒకే తాళంలో కూర్చుతాడు. కాని కాగితం మీద చూస్తే తేడా స్పష్టం. ప్రశ్న దౌడు తీస్తుంది. సమాధానం నిలకడగా నడుస్తుంది. బాణీ పడమటిది కావచ్చు గాని అడుగులు తెలుగువి.

పలకరింపు

పేరులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి హద్దును అడుగుతుంది, రెండోది ప్రయోజనాన్ని అడుగుతుంది. ఎంత దూరం, దేనికి? ఈ రెండింటినీ అడగవద్దని పాట మొదట్లోనే వారిస్తుంది. నడక ఒకటి, చేరవలసిన చోటు మరొకటి అనుకొన్నంతకాలం బతుకు ఎప్పుడూ ముందెక్కడో ఉన్నట్టు తోస్తుంది. ఆ రెండూ ఒకటైతే దారిలోనే దొరుకుతుంది అని దాని వాదం. సినిమా పేరునే పాట ఇలా ప్రశ్నకు పెడుతుంది. అభిరాంకు గమ్యం జానకి. పాట ఆమె పేరెత్తదు.

అయితే ప్రశ్న వద్దన్న పాటే చరణాల్లో వరుసగా ప్రశ్నలు వేస్తుంది. ఇది పొరపాటు కాదు. మానవలసిన ప్రశ్న దూరాన్ని కొలిచేది. అడగవలసిన ప్రశ్న, అడిగేవాడెవడని వెనక్కి తిరిగేది. అందుకే పాటలో ఆద్యంతం వినిపించే సర్వనామం 'నేను' కాదు, 'నువ్వు'. పాత్ర తన మాట తాను పాడుకోవడం లేదు. ఎవరో అతనితో మాట్లాడుతున్నారు. ఆ ఎవరో అతని లోపలివాడే.

పల్లవి చివర ఒక మంచి ఊహ ఉంది. లోకం తనలోనే ఉందని తెలిసినవాడు వెళ్ళిన ప్రతిచోటా తనను తానే కలుసుకొంటాడు, తనను తానే పలకరించుకొంటాడు. ఇక్కడి బలమంతా 'కొను' అన్న సహాయక్రియలో ఉంది. తెలియడం వేరు, తెలుసుకోవడం వేరు. చూడడం వేరు, చూసుకోవడం వేరు. ఫలం కర్త మీదికే తిరిగివచ్చే ఈ ప్రయోగం తెలుగుకు సహజం. ఆత్మజ్ఞానం అన్న పెద్ద మాట వాడకుండానే కవి ఈ చిన్న క్రియతో పని నెరవేర్చాడు. పైగా జ్ఞానం అనలేదు, పలకరింపు అన్నాడు. మనం పలకరించేది పరిచయమున్నవాణ్ణి, లేదా పరిచయం చేసుకోదలచినవాణ్ణి. అంటే తనతో తనకు ఇంతవరకు పరిచయం లేదని అర్థం.

సిరొంచ విద్యార్థికి ఈ చోట తెలుగు కేంద్రాల విద్యార్థికి లేని వెసులుబాటు ఒకటుంది. మరాఠీలో 'ఓళఖ్' అన్న మాటకు పరిచయం అనీ, గుర్తింపు అనీ, 'నేనెవరు' అన్నదానికి సమాధానమైన ఉనికి అనీ అర్థాలున్నాయి. బడిలో రోజూ వినే ఆ ఒక్క మాట ఈ పల్లవికి చక్కని వ్యాఖ్య. గుర్తింపు అనేది ధ్రువపత్రం మీద రాసి ఇచ్చేది కాదు, ఎదురుపడి పలకరించుకొంటే కలిగేది. రెండు భాషల్లో పెరిగినవాడు తన రెండో భాషను అడ్డంకిగా భావించనక్కరలేదు. అది పాటలోకి మరో తలుపు.

అల, నది

మొదటి చరణం సముద్రంతో మొదలవుతుంది. కనబడే అలలన్నిటినీ కలిపి సముద్రం అని ఒక్క మాటతో సరిపెట్టుకొంటాం. ఏ అలనూ విడిగా పేరడిగి తెలుసుకోం. ఎదురైన మనుషులూ అలాంటివారే అని కవి పోలిక. తర్వాత అద్దాల గది వస్తుంది. గదిలో ఉన్నది ఒక్కడే, చుట్టూ కనబడే రూపాలు అనేకం. వాటిని తనవి కాదనుకోవడమే భ్రమ. ఆ తర్వాత ఊపిరిలోని గాలి, చూపులోని వెలుగు, మన్ను, మిన్ను, నీరు, ఇవన్నీ కలిసినదే మనిషి అన్న మాట.

సంప్రదాయం తెలిసినవారికి ఈ సామగ్రి పరిచితమే. అలకూ సముద్రానికీ భేదం లేదన్నది అద్వైతులకు ఇష్టమైన దృష్టాంతం. అద్దంలో కనబడే నగరం వంటిది లోకం అన్న ఉపమానంతోనే శంకరుల పేర చెప్పే దక్షిణామూర్తి స్తోత్రం మొదలవుతుంది. పంచభూతాల మాట సరేసరి. శాస్త్రి చేసిన కొత్తపని వీటిని పారిభాషిక పదాలు లేకుండా చెప్పడం. 'మకిలి' వంటి ఇంటి మాట, 'భాష్యం' వంటి శాస్త్రపు మాట పాటలో పక్కపక్కనే కూర్చుంటాయి. రెండూ ఇబ్బంది పడవు.

కాని అల ఉపమానంలో మరో వైపు ఉంది. వేదాంతంలో అల పేరు నిలిచేది కాదు, సముద్రమే సత్యం. ఈ పాటలో అల పేరు అడగకపోవడం ఒక లోపంగా ధ్వనిస్తుంది. అలలన్నీ ఒకటే నీరు కావడం నిజమే. అయినా ఒక్కొక్కదాన్ని పలకరించనివాడికి సముద్రమూ తెలియదు. సినిమా కథ నడిచేది ఈ రెండో అర్థం మీదనే. అభిరాం మానవజాతిని కలుసుకోడు. ఒక దొంగను, ఒక ముసలాయనను, ఒక అభాగ్యురాలిని కలుసుకొంటాడు.

ఈ సూక్ష్మం సముద్రం చూడని సిరొంచవారికి సులభంగా బోధపడుతుంది. ఎందుకంటే వారి ఊరు నదులు పేర్లు మార్చుకొనే చోట ఉంది. వార్ధా, వైన్‌గంగ తుమ్మిడిహట్టి దగ్గర కలిసి, తమ పేర్లు రెండూ వదులుకొని ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత సిరొంచ దగ్గర గోదావరిలో చేరి తన పేరూ వదులుకొంటుంది. ఇంకా దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. నీరు ఎక్కడా పోలేదు. పేరు పోయింది. అయినా ప్రాణహితకు పుష్కరం వేరే ఉంది, 2010లోనూ 2022లోనూ జరిగింది. గోదావరిలో కలిసిపోయే నదిని జనం దాని పేరుతోనే పలకరించారన్నమాట. కలవడం, పేరు నిలుపుకోవడం పరస్పర విరుద్ధాలు కావని ఈ ఒడ్డు జనానికి వేరే చెప్పనక్కరలేదు.

యాదృచ్ఛికమే గాని పేర్కొనదగిన విషయం ఒకటుంది. వైన్‌గంగ పుట్టేది మధ్యప్రదేశ్‌లోని శివని జిల్లాలో. సీతారామశాస్త్రి 1955 మే 20న పుట్టిందీ శివనిలోనే. తర్వాత అనకాపల్లిలో పెరిగి, 1986లో 'సిరివెన్నెల' సినిమాతో ఆ పేరునే ఇంటిపేరుగా చేసుకొని, 2021 నవంబరు 30న కన్నుమూశారు. తెలుగు పాటకు ఇంత చేసిన కవి పుట్టిన నేల తెలుగు నేల కాదు. బయట పుట్టడం భాషకు దూరం కావడం కాదనడానికి వేరే ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు.

ఒక అభ్యంతరం

రెండో చరణం దగ్గర మాత్రం విమర్శకుడు ఆగవలసి ఉంటుంది. బయట కనబడేవన్నీ మనసులోని భావాల రూపాలేనని ఈ చరణం చెబుతుంది. పగవారు మన లోపాలు, చెలికాండ్రు మన ఇష్టాలు, ఋతువులు మన మనఃస్థితుల బొమ్మలు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఇటువంటి మాటను చాలా తేలికగా అంటాయి. దీనిని అక్షరాలా తీసుకొంటే చిక్కు వస్తుంది. ఎదుటివారంతా నా నీడలే అయితే మొదటి చరణంలో పేరడగవలసిన అల ఏది? పలకరించడానికి ఎవరూ మిగలరు.

ఈ చిక్కు తార్కికమైనదే కాదు, లౌకికమైనది కూడా. 2019 జూన్‌లో మేడిగడ్డ బ్యారేజి ప్రారంభమైన తర్వాత, దాని వెనుక నీటితో తమ పొలాలు మునుగుతున్నాయని సిరొంచ రైతులు ఆందోళనకు దిగారు. ఆ నీరు వారి మనసులోని భావచిత్రం కాదు. సిరొంచ చరిత్రా అంతే. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిషువారికి అప్పగించాడు. సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమయింది. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీకి పోయింది, సిరొంచ చాందా జిల్లాలో చేరింది. 1956లో చాందాతోపాటు బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు, 1982లో కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు చెందింది. అభిరాం బండెక్కి దేశం తిరిగాడు. ఈ ఊరు ఉన్నచోటనే ఉండగా పటమే దాని మీదుగా ప్రయాణం చేసింది. ఇలాంటి చోట పుట్టినవాడితో 'నీ అడ్డంకి నీలోనే ఉంది' అంటే అది సగం నిజమే.

ఈ అభ్యంతరానికి జవాబు పాటలో కంటె సినిమాలో ఎక్కువగా ఉంది. కథ చివరికి వచ్చేసరికి నక్సలైట్ల ఘట్టం వస్తుంది. గాలి శీను అక్కడే ప్రాణం పోగొట్టుకొంటాడు. ఆ తూటా ఎవరి అంతరంగంలోనుంచీ వచ్చింది కాదు. స్నేహితుడు తన ఇష్టాల ప్రతిబింబం మాత్రమే అయితే అతని చావు అభిరాంను అంతగా కదిలించదు. శీను అద్దంలో రూపం కాదు, పేరున్న అల. రెండో చరణం ఎక్కడ అతి చేసిందో అక్కడ కథ దానిని సరిదిద్దింది. సినిమా పాటను సినిమానుంచి విడదీసి సూక్తిగా గోడకు తగిలించుకొనేవారు కోల్పోయేది ఈ సవరణనే.

మళ్ళీ మొదలుపెట్టడం

పాట చివరి భాగం ఈ వాదాన్ని నేల మీదికి దించుతుంది. పుట్టుక మన చేతిలోది కాదు, చావు మన చేతిలోది కాదు. నడిమి కాలం మాత్రం మనదే, దానికి ఏ రంగులు అద్దుతామో మన ఇష్టం అని స్నేహితుడి గొంతుతో చెప్పి ముగిస్తుంది. లోకమంతా నీలోనే ఉందని ఘనంగా మొదలైన పాట, చివరికి నీది కానిదేదో కూడా చెప్పడం గమనార్హం. అంతా నీదే అన్నది వేదాంతం. ఇంతవరకే నీది అన్నది వివేకం. పాటకు నిలకడ వచ్చింది రెండోదాని వల్ల.

మళ్ళీ మొదలుపెట్టడం అనే మాటకు ఇక్కడినుంచే అర్థం చెప్పుకోవాలి. అది పునర్జన్మ కాదు. పాత బతుకును తుడిచివేయడమూ కాదు. జరిగిన ప్రమాదాన్ని అభిరాం వెనక్కి తిప్పలేడు. అతను చేయగలిగింది ఇకమీద ఎదురైనవారిని చూసుకోకుండా పోకపోవడం. గడ్చిరోలి జిల్లాలో ఈ మాటకు మరింత బరువుంది. ఇక్కడ అడవి విడిచి వచ్చినవారికి మళ్ళీ మొదలుపెట్టడం అంటే లొంగుబాటు, పునరావాసం అన్న సర్కారు మాటలు. 2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు అరవై మంది సహచరులతో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఈ వ్యాసానికి సంబంధించినవి కావు. అయితే ఒక బతుకు ఆగి మరొకటి మొదలయ్యే చోట, నిన్నటి మనిషీ రేపటి మనిషీ ఒకరినొకరు పలకరించుకోవలసే ఉంటుంది. పల్లవిలోని ఊహకు ఇంతకన్న కఠినమైన పరీక్ష లేదు. తూటా పోగొట్టినవారి ఇళ్ళలోనూ అదే పరీక్ష జరుగుతుంది. నిన్నటిదాకా ఇంటిని పట్టుకొన్న మనిషి లేకుండా రేపటి పొద్దు మొదలుపెట్టాలి.

చివరిగా భాష మాట. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం, ఈ మూడు లింగాల నడుమ నేల త్రిలింగదేశమనీ, అందునుంచి తెలుగు అన్న పేరు వచ్చిందనీ సంప్రదాయం చెబుతుంది. భాషాశాస్త్రజ్ఞులు ఈ వ్యుత్పత్తిని అందరూ ఒప్పుకోరు. ఒప్పుకొన్నా సిరొంచ ఆ గీతకు సరిగ్గా ఇవతల పడుతుంది. గుడి గంట వినబడే దూరంలో ఉండి గీతకు బయట ఉండటం ఈ ఊరి తెలుగువారి స్థితి. కరీంనగర్, ఆదిలాబాద్ మాటకు దగ్గరై, మరాఠీ, గోండీ పలుకులు కలిసిన వారి తెలుగును విని, ఇది సరైన తెలుగు కాదనేవారు ఉంటారు. అప్పుడు ఆ విద్యార్థి తన తెలుగును దాచుకొని మరొక తెలుగును ఎరువు తెచ్చుకోవాలా? పాట చెప్పిన దాని ప్రకారం అక్కరలేదు. పుట్టిన ఒడ్డు మన చేతిలోది కాదు. నేర్చుకొనే కాలం మనది. ఇరవయ్యేళ్ళ వయసులో తెలుగు గుణింతం దిద్దడం కూడా మళ్ళీ మొదలుపెట్టడమే. అయితే అది లేనిదాన్ని తెచ్చుకోవడం కాదు, నోట ఉన్నదాన్ని కంటితో పలకరించడం.

మొత్తం మీద చూస్తే 'ఎంతవరకు ఎందుకొరకు' లోపం లేని రచన కాదు. రెండో చరణం ఎదుటి మనిషిని కొంత చిన్నబుచ్చింది. అయినా పరుగును ప్రశ్నించే పాదానికి పరుగుల నడకనూ, బదులుకు గురజాడ నడకనూ కూర్చడంలో, ఆత్మవిచారాన్ని పలకరింపుగా మార్చడంలో, మనది కానిదానిని ఒప్పుకొని ముగించడంలో అది సినిమా పాట సాధారణంగా చేరని చోటికి చేరింది. విద్యార్థులు దీనిని ముందు వినాలి. తర్వాత తమ చేతితో తెలుగు లిపిలో రాసుకోవాలి. మాత్రలు లెక్కపెట్టి, పాదాలు విడదీసి, ఒప్పుకోనిచోట ప్రశ్న గుర్తు పెట్టాలి. ప్రశ్న వద్దన్న పాటను ప్రశ్నిస్తూ చదవడమే దానికి తగిన మర్యాద.